ఏ కేసులో సాక్ష్యమమ్మా?

మా తెనాలిలో సాక్ష్యం చెప్పడమంటే తుమ్మినంత తేలిక. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు "ప్రభువు మీకు చేసిన మేలు చెప్పేవాళ్లు లేవండి" అనడమే ఆలస్యం, నలుగురు లేచి నిలబడతారు. జ్వరం తగ్గిందని ఒకరు, తప్పిపోయిన గేదె తిరిగొచ్చిందని ఒకరు, మనవడికి ఉద్యోగం వచ్చిందని ఇంకొకరు. నేనైతే నా మోకాళ్ల నొప్పి మీద చాలాసార్లు సాక్ష్యం చెప్పాను. నొప్పి పోలేదు గానీ సాక్ష్యం మాత్రం చెప్పగా చెప్పగా బాగా కుదిరింది.

అందుకే కడప జిల్లా నుంచి మా వియ్యపురాలు నాగమ్మ ఫోన్ చేసినప్పుడు ఈ పనికి నాకంటే తగినవాళ్లు లేరనుకున్నాను.

"వదినా, మీ అన్న నీళ్లలో మునుగుతానంటాండాడు" అంది.

"అయ్యో, ఏ బావిలో వదినా? ఇంట్లో ఏమన్నా గొడవా?"

"బావి కాదులే. బాప్తిస్మం."

సంగతేమిటంటే, మా అమ్మాయిని వాళ్లబ్బాయి ప్రేమించి పెళ్లి చేసుకున్న రోజుల్లో మా వియ్యంకుడు ఓబులేసుగారు చర్చి గడప తొక్కనని భీష్మించుకుని పెళ్లి భోజనం కూడా బయట షామియానా కింద తిన్నారు. అలాంటి మనిషి ఇప్పుడు వేముల దగ్గర తన చీనీ తోట (మేం బత్తాయి అంటాం) పక్కనున్న చిన్న చర్చిలో కూర్చుంటున్నారట. మొదట మైకు గోల తగ్గించమని పోట్లాడటానికి వెళ్లారట. వెళ్లిన మనిషి వెనక చాప మీద కూర్చుని, వాక్యమంతా విని, పోట్లాడకుండానే ఇంటికొచ్చారట. మరుసటి వారం పిలవకుండానే వెళ్లారు. ఇప్పుడు బాప్తిస్మం కావాలంటున్నారు. అయితే అక్కడి పద్ధతి ప్రకారం నీళ్లలో దిగేముందు సంఘం ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆయన చెప్పనంటే చెప్పనని మొండికేశారు. సాక్ష్యం లేనిదే బాప్తిస్మం లేదని పాస్టరయ్య.

"నీకు నోరు బాగుంది గదా వదినా, వచ్చి ఆయప్పకు రెండు మాటలు నేర్పిచ్చు" అంది నాగమ్మ. పొగడ్తో కాదో తేల్చుకోకుండానే రైలెక్కేశాను.

పొద్దుటూరు: తెల్లబట్టల బేరం

పొద్దుటూరులో బంగారం కొట్లు మా ఊళ్లో మందుల షాపుల్లా ఉంటాయి. ఒకదాని పక్కన ఒకటి, ఎటు చూసినా అవే. నేను ఒక అద్దం ముందు ఆగి గాజులు చూస్తుంటే నాగమ్మ చెయ్యి పట్టి లాగింది. "అయి మనం సూసేకే వదినా, కొనేకి కాదు. దా."

మేం వచ్చింది బాప్తిస్మానికి తెల్ల పంచె కోసం. ఓబులేసుగారు పొడుగాటి మనిషి, మాట తక్కువ. "బాగుండావామ్మా" అని నన్ను పలకరించి, తర్వాత గంటసేపు నోరు తెరవలేదు. ఈ మనిషికి మాటలు నేర్పడానికా నేను అంతదూరం నుంచి వచ్చానని లోపల నవ్వుకున్నాను.

బట్టల అంగడాయన కువైట్‌లో చాలాకాలం కారు నడిపి వచ్చిన మనిషి. మాటకు ముందు ఒక చిరునవ్వు, మాట తర్వాత ఒక ధర. పంచె విప్పి చూపించాడు. తెనాలిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరైనదాన్ని, బట్టను రెండు వేళ్ల మధ్య నలిపితే నాకు జాతకం తెలిసిపోతుంది. "పలచన బాబూ" అన్నాను.

"మందందే చూపించప్పా, తడిస్తే లోపలంతా కనపడగూడదు" అంది నాగమ్మ.

"తడిసేదేందిమా? మామ యాడ తడుస్తాడు?"

విషయం చెప్పాం. అంగడాయన కాసేపు ఓబులేసుగారిని ఎగాదిగా చూసి, లోపలికెళ్లి మందపాటి పంచె తెచ్చాడు. "మునిగి లేస్తే కొత్త మనిసి అయితావంట గదా మామా. మంచిపని. నేను గూడా దువా చేస్తా" అన్నాడు. మేం ముగ్గురం కరిగిపోయేలోపే, "రేటు మాత్రం తగ్గేది ల్యా" అని ముగించాడు. నేను సగానికి అడిగాను. చివరికి ఆయన చెప్పిన ధరకు ఇరవై రూపాయలు తగ్గించాడు, అది కూడా నా మొహం చూసి కాదు, మామ మునుగుతున్నాడని.

పక్కవీధిలో కారం దోశ తిన్నాను. దోశ లోపల ఎర్రటి వెల్లుల్లి కారం పూసి, పైన పప్పుల పొడి చల్లుతారు. రెండో ముక్కకు నా కళ్లలోంచి, ముక్కులోంచి కృష్ణా డెల్టా మొత్తం పారింది. వడ్డించినాయన జాలిపడ్డాడు. "ఏందిమా, ఏడుస్తాండావు? ఇది పిల్లోళ్లకు ఏసే కారమే." చుట్టూ చూస్తే నిజంగానే పిల్లలు అదే తింటూ, ఇంకాస్త పొడి అడుగుతున్నారు. ఈ జిల్లాలో కారానికి కన్నీళ్లు పెట్టుకునేది బయటివాళ్లేనని నాకు అక్కడే అర్థమైంది.

బస్సులో కోర్టు

జమ్మలమడుగు బస్సులో నా పాఠం మొదలుపెట్టాను. గండికోట చూపిస్తామని నాగమ్మ మాటిచ్చింది కాబట్టి హుషారుగా కూడా ఉన్నాను. బస్సు మోతలో వినపడాలి కదా అని కాస్త గట్టిగానే అన్నాను.

"అన్నయ్యగారూ, సాక్ష్యమంటే అంత భయమెందుకండీ? నిలబడండి, నిజం చెప్పండి, కూర్చోండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యరు. నేను వెనకే ఉంటానుగా!"

బస్సు ఒక్కసారిగా చల్లబడింది. వెనక సీట్లో ఫోన్లో పాటలు వింటున్నాయన పాట ఆపేశాడు. నా పక్కనున్న పెద్దావిడ వేరుశెనక్కాయల మూట పట్టుకుని, ఖాళీ లేకపోయినా, ముందు సీటుకు జరిగిపోయింది. కండక్టరు వచ్చి నా దగ్గర వంగి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ కేసులో సాక్ష్యమమ్మా?"

నేను తెల్లబోయాను. "కేసేమిటి బాబూ? ప్రభువును గురించి."

"ఏ ప్రభువు? యా ఊరాయన?"

"యేసుప్రభువయ్యా!"

"ఓ... అట్ల జెప్పు తల్లీ! పానం లేచొచ్చె" అని కండక్టరు గుండె మీద చెయ్యేసుకున్నాడు. బస్సంతా నవ్వింది. పెద్దావిడ మూటతో సహా వెనక్కొచ్చి, నష్టపరిహారంగా నాకు గుప్పెడు శెనక్కాయలిచ్చింది. "మా దిక్కు ఆ మాట గెట్టిగా అనగూడదుమా. సాచ్చికం చెప్పినోడు ఇల్లు మారాల, చెప్పనోడు మొగం మార్చుకోవాల" అంది.

నేనూ నవ్వాను. ఒక్క ఓబులేసుగారే నవ్వలేదు. కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నారు.

జమ్మలమడుగు: తినని బజ్జీ

గండికోట బాగుందా అని ఇంటికొచ్చాక అందరూ అడిగారు. నేను గండికోట చూడలేదు. నేను చూసింది బస్టాండు, ఒక సోడా బండి, ఒక ఉగ్గాని బండి.

బస్సు దిగగానే ఓబులేసుగారు సోడా తాగి, సీసా చేతిలోనే పెట్టుకుని, మొదటిసారిగా ఒక పూర్తి వాక్యం మాట్లాడారు.

"నేనొక తూరి సాక్ష్యం చెప్పినాలే చెల్లెమ్మా. ఈ ఊరి కోర్టులోనే."

ముద్దనూరు దగ్గర వాళ్ల పాత ఊళ్లో ఒకరి గడ్డివామి కాలిందట. తగలబెట్టింది ఊరి పెద్దాయన మనుషులు. నేరం మాత్రం దానయ్య అనే కూలిమనిషి మీద మోపారు. వామి కాలుతున్న వేళకు దానయ్య ఓబులేసుగారి చేలో ఆయన పక్కనే నిలబడి మడవలకు నీళ్లు కడుతున్నాడు. ఆ సంగతి చెప్పగలిగినవాడు లోకంలో ఈయనొక్కడే. కోర్టులో పిలిచారు. పెద్దాయన మనుషులు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు.

"దానయ్య నీ చేన్లో ఉండెనా అని అడిగిరి. నాకు తెలీదు సార్, నేను సూళ్లేదు అంటి. అంతే. ఒక్క మాట. దానయ్య నా దిక్కు సూసినాడు, తిట్టను గూడా తిట్టల్యా."

దానయ్య జైలుకు పోయాడు. తిరిగొచ్చాక ఎక్కువకాలం బతకలేదు. ఈయన ఆ ఊళ్లో ఉండలేక, నాగమ్మ పుట్టింటివైపు వేముల దగ్గరికి వచ్చి చీనీ తోట పెట్టుకున్నారు. ఆ తోటలో వినపడే మైకులో ఒకరోజు, కోడి కూయకముందే మూడుసార్లు "ఆయన్నెరగను" అన్న శిష్యుడి కథ చెప్పారట. ఎరగనన్నవాణ్ణే ప్రభువు మళ్లీ పిలిచి పని అప్పగించాడని కూడా చెప్పారట. పోట్లాడటానికి వెళ్లిన మనిషిని కూర్చోబెట్టింది ఆ కథే.

"ఇప్పుడు దేవుని ముందర నిలబడి నాకు జొరం తగ్గిందని చెప్పమంటావామ్మా? ఆయప్పకు తెలీదా?"

నేను ఆయన కోసం తెనాలి నుంచి ఒక చక్కటి సాక్ష్యం తయారుచేసుకుని తెచ్చాను. మొదట్లో పాపి, మధ్యలో కన్నీళ్లు, చివర్లో స్తోత్రం. దాన్ని బయటికి తియ్యలేదు. సోడా ఇంకొకటి తాగాను.

తర్వాత ఆయన మమ్మల్ని పాత మిషను ఆసుపత్రి వైపు నడిపించారు. ఆ వీధిలో ఒక ఉగ్గాని బండి. నానబెట్టి పిండిన బొరుగులను, అంటే మరమరాలను, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయల తిరగమోతలో వేసి, పప్పుల పొడి కలిపి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. మా వైపు బొరుగులంటే పిల్లలకు పెట్టే కాలక్షేపం. ఇక్కడ అది రాజభోజనం. బండి నడిపే ఆమె సాలమ్మ, దానయ్య భార్య. నాగమ్మ నా చెవిలో ఆ మాట చెప్పేసరికి నా నోట్లో బొరుగులు గడ్డకట్టాయి.

ఓబులేసుగారు బజ్జీ ఒకటి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. తినరు, దించరు.

"ఏమప్పా, కాలిందా?" అంది సాలమ్మ.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఏంది కాలింది?"

"నోరు."

"బస్సొచ్చె" అని బజ్జీ పళ్లెంలో పెట్టి చరచరా నడిచిపోయారు. ఆ వీధిలోకి బస్సులు రావు. నాగమ్మ తల కొట్టుకుంటూ వెనకాల పరుగెత్తింది.

నేను డబ్బులివ్వడానికి మిగిలాను. నా నోటికి తాళం ఎక్కడుంది? "అమ్మా, ఆయన ఈ ఆదివారం వేముల దగ్గర బాప్తిస్మం తీసుకుంటున్నారు" అనేశాను.

సాలమ్మ నూనెలోంచి బజ్జీలు తీస్తూ నా వైపు చూడకుండానే అంది. "ఆయప్ప ఎవురో నాకు తెలీదనుకుంటివా? ఏడాదికొక తూరి వస్తాడు. బజ్జీ పట్టుకోని నిలబడతాడు, పోతాడు. తినేది ల్యా, చెప్పేది ల్యా. బజ్జీలు దండగ."

"మీరు వస్తారా ఆదివారం?"

"ఆదివారం నా గుడికి నేను పోవాల. వాని గుడి నాకేల?" అంది. ఇక్కడివాళ్లు చర్చిని కూడా గుడే అంటారు. చిల్లర నా చేతిలో పెట్టి, ఇంకొకరికి పళ్లెం అందించింది.

పులివెందుల మీదుగా

బస్సు ముద్దనూరు దాటుతున్నప్పుడు థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి. ఓబులేసుగారు అటువైపు కిటికీ తెర లాగేశారు. పులివెందుల వచ్చేసరికి దారికి రెండు పక్కలా అరటి, చీనీ తోటలు. ఇంత ఎండలో అంత పచ్చదనం చూస్తే మా కాలవ నీళ్ల గర్వం కాస్త తగ్గింది. ఆటో ఎక్కి, ఊరుకోలేక, డ్రైవరుతో మాట కలిపాను. "మా అన్నయ్యగారికి రక్షణ దొరకబోతోందయ్యా" అన్నాను.

"గన్‌మెన్‌లనిచ్చినారా మామా?" అన్నాడతను గౌరవంగా, అద్దంలో ఆయన్ని చూస్తూ. ఆ తర్వాత గుంతలు తప్పించి మరీ నడిపాడు. నేను సరిచెయ్యలేదు, ప్రయాణం సుఖంగా ఉంది మరి.

ఇంట్లో రాగి సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, పెట్టింది నాగమ్మ. నాటుకోడి పులుసు ఏదని అడిగాను. వియ్యపురాలికి ఆమాత్రం హక్కు లేదా?

"కోడి మాటెత్తొద్దు వదినా! ఆ కథ విన్నప్పట్నించి పుంజు కూసినప్పుడల్లా మంచం మీద లేచి కూచ్చుంటాడు. ఈ పీడ ఎందుకని పుంజును కోసి పులుసు పెడితిని. ముట్టల్యా. ఇప్పుడు పక్కింటోళ్ల పుంజు కూసినా లేస్తాండాడు. ఊర్లో కోళ్లన్నీ నేనే కొయ్యాల్నా?"

నాగమ్మ మాత్రం మతం మారడం లేదు. సాయంత్రం తులసి దగ్గర దీపం పెట్టి వచ్చి, మొగుడి కొత్త పంచెకు ఇస్త్రీ చేసింది. "ఆయప్ప దారి ఆయప్పది, నా దీపం నాది. ఇద్దురం రెండు పక్కల అడుగుతాంటే యాడో ఒకచోట పలుకుతారు" అంది. మా తెనాలి పాస్టరుగారు వింటే ఒక ప్రసంగం చేస్తారు. నాకైతే ఇస్త్రీ నచ్చింది.

పాస్టరయ్య వచ్చాడు. పాతికేళ్లు దాటాయో లేదో, నాగమ్మ అంటే హడల్. గడప దగ్గరే నిలబడ్డాడు. నేను పెద్దరికం ఉపయోగించి బేరమాడాను. "అయ్యా, ఆయనకు సాక్ష్యం మినహాయించండి. మనసులో చెప్పుకుంటారు."

"మనసులో శానాకాలంగా చెప్పుకుంటానే ఉండాడుమా. ఇంగ బయట చెప్తేనే ఆయప్పకు నిద్రొచ్చేది" అన్నాడు మెల్లగా. పంచె రేటు దగ్గరలాగే ఇక్కడా నా నోరు పనిచెయ్యలేదు.

పోతూ పోతూ, "ఆదివారం పొద్దున కరెంటు ఉంటాది, మోటరేసి తోటలో తొట్టి నింపుదాము" అన్నాడు. మాకు బాప్తిస్మమంటే కాలవ గట్టు, పూలు, ఫోటోలు. ఇక్కడ పరలోక ద్వారం తెరుచుకోవాలన్నా ముందు త్రీ ఫేస్ కరెంటు రావాలి.

వేముల పక్కన తొట్టి

రేకుల కప్పు చర్చి. మగవాళ్లొక పక్క, ఆడవాళ్లొక పక్క చాపల మీద. డోలు వాయించేవాళ్లకు నా కంటే ఓపిక ఎక్కువ. ఓబులేసుగారు మందపాటి పంచెలో ముందు వరసలో, పెళ్లికొడుకులా కాదు, ముద్దాయిలా కూర్చున్నారు. నాకు మాత్రం ఆయన చెప్పకుండా పారిపోతారనే అనిపిస్తోంది. ఆ మనిషి ఆ బరువుతోనే ఇంటికి తిరిగిపోతే ఎలా అని తలుపుకు దగ్గరగా జరిగి కూర్చున్నాను.

పాట మధ్యలో ఎవరో నా భుజం తట్టారు. "జరుగుమా" అంది సాలమ్మ. చేతిలో ఒక స్టీలు టిఫిను డబ్బా. చాప మీద నా పక్కన కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ఓబులేసుగారు తల తిప్పి చూశారు. ఆయన మొహంలో రక్తం లేదు. నా నోటిని నేనే తిట్టుకున్నాను. పని చెడగొట్టానే తల్లీ అనుకున్నాను.

పాస్టరయ్య పిలిచాడు. ఆయన లేచారు. ఎవరూ చెప్పకపోయినా చేతులు రెండూ ముందు కట్టుకుని, బోనులో నిలబడ్డట్టే నిలబడ్డారు. అలవాటైన మాట అదొక్కటే కాబోలు, దాంతోనే మొదలుపెట్టారు.

"దేవుని ఎదుట ప్రమాణం చేసి చెప్తాండా. అంతా నిజమే చెప్తా. అబద్ధం చెప్పను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు.

"ఆ పొద్దు వామి కాలేటప్పుడు దానయ్య నా చేన్లో ఉండె. నా పక్కనే ఉండె. నాతోనే నీళ్లు కడతాండె. నేను సూసినా. నా కండ్లతో సూసినా." తల సాలమ్మ వైపు తిప్పారు. "కోర్టులో సూళ్లేదంటి. భయపడి అంటి. దానయ్య ఏ తప్పూ చేయల్యా. తప్పు నాది. ప్రభువు నన్ను నిలబెడితే నిలబడతా, లేకుంటే ఇట్లే ఇంటికి పోతా."

ప్రతి సాక్ష్యం తర్వాత అలవాటుగా "హల్లెలూయ" అనే ముసలాయన ఈసారి కూడా అనేసి, నాలిక్కరుచుకున్నాడు. సాలమ్మ డబ్బా మూత మీద వేళ్లు గట్టిగా నొక్కి పెట్టుకుంది. నేను ఏడుస్తున్నాను. ఏ మేలూ చెప్పని సాక్ష్యం వినడం నాకదే మొదటిసారి.

అందరం తొట్టి దగ్గరికి నడిచాం. దారి పొడుగునా ఎవరూ సాలమ్మ వైపు చూసే ధైర్యం చెయ్యలేదు. మోటరు నీళ్లు దుముకుతున్నాయి. పాస్టరయ్య దిగాడు, వెనకే ఓబులేసుగారు. పాస్టరయ్య ఆయన వీపు కింద ఒక చెయ్యి పెట్టి, ప్రార్థన ముగించి, వెనక్కి వంచబోయాడు.

"పాస్టరయ్యా!" గట్టు మీద నుంచి సాలమ్మ కేక.

పాస్టరయ్య ఆగిపోయాడు.

"బాగా ముంచు. గబుక్కున లేపాకు. శానా ఉంది కడిగేకి."

మొదట నవ్వింది నాగమ్మ. తర్వాత అందరం. సాలమ్మ నవ్వలేదు, కానీ కొంగుతో మొహం తుడుచుకుంది. పాస్టరయ్య ఆజ్ఞ శిరసావహించాడు. ఓబులేసుగారు నీళ్లలోంచి దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ లేచి, మొదట చూసింది ఆమె వైపే. పంచె మందం బాగా పనిచేసింది, ఏమీ కనపడలేదు.

ఆయన గట్టెక్కగానే సాలమ్మ డబ్బా మూత తీసింది. "దేవుడు క్షమించినాడో లేదో ఆయన్నే అడుగు. నేను బజ్జీలు తెచ్చినా. ఇప్పుడన్నా తిను" అంది.

ఆయన తడి చేత్తో ఒకటి తీసుకున్నారు. చాలా మెల్లగా, తొడిమ దాకా, మొత్తం తిన్నారు. నీళ్లు కారుతున్న గడ్డం మీద కన్నీళ్లు కూడా కారుతున్నాయి.

"ఏమప్పా, కారమా?" అంది సాలమ్మ.

"కారమే" అన్నారాయన.

కడప జిల్లాలో పుట్టి పెరిగి, మిరపకాయ బజ్జీకి ఏడ్చిన మనిషిని నేను చూశాను. నా కళ్లతో చూశాను. ఏ బస్సులో అడిగినా గట్టిగానే సాక్ష్యం చెప్తాను.